మట్టిదారి కన్నా ముందు హైవే: బెజవాడ, గుంటూరు వాళ్లు అడ్వెంచర్ బైక్ ఎంచుకోవడం ఎలా

విజయవాడ నుంచి మారేడుమిల్లి సుమారు 240 కిలోమీటర్లు. అందులో రాజమహేంద్రవరం దాకా దాదాపు 160 కిలోమీటర్లు ఎన్‌హెచ్ 16 మీదే పోవాలి. గుంటూరు నుంచి వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లినా రెండు వందల పైచిలుకే. నల్లమల అడవి తగిలేది చివరి 50 కిలోమీటర్లలో. లంబసింగి, అరకు ఇంకా దూరం. మనాలిలో ఉన్నవాళ్లు గేటు దాటగానే కొండెక్కుతారు. మనం మూడు నాలుగు గంటలు లారీల పక్కన, ఎండలో, ఎదురుగాలిలో తోలాక ఎక్కుతాం. అందుకే అక్కడివాళ్లు మెచ్చుకున్న అడ్వెంచర్ బండి, అంటే తారు మీదా మట్టి మీదా పోయేలా చేసిన ఎత్తైన బండి, ఇక్కడ మనకు అలాగే కుదరదు. ఇక్కడివాళ్లకు కావలసింది హైవే మీద ఒళ్లు హూనం చేయకుండా తీసుకెళ్లి, మట్టి మొదలయ్యాక చేతికి బరువు కాని బండి. ఈ రెండు గుణాలూ ఒకదానికొకటి అడ్డుపడతాయి. రెంటికీ మధ్య మీ గీత ఎక్కడ పడాలో తేల్చుకోవడమే అసలు పని.

ముందు కాగితం, తర్వాత షోరూం

గత 12 నెలల్లో ఎక్కడెక్కడ తిరిగారో రాయండి. ఫోన్‌లో మ్యాప్స్ టైమ్‌లైన్ ఆన్‌లో ఉంటే ఇంకా తేలిక. నాలుగు గడులు గీయండి: ఊళ్లో తిరుగుడు, హైవే, సింగిల్ రోడ్డు లేదా ఘాట్, మట్టి. ప్రతి ప్రయాణం ఎదుట కిలోమీటర్లు వేసి, వెనక ఎవరైనా కూర్చున్నారా లేదా అన్నది పక్కన టిక్కు పెట్టండి. ఉదాహరణకు ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరిగేవారికి ఊళ్లో 5,000, హైవే 2,800, ఘాట్ 900, మట్టి 300 వచ్చిందనుకోండి. మట్టి నూటికి మూడు వంతులే. ఇలాంటి లెక్క వచ్చినవాళ్లు 21 అంగుళాల ముందు చక్రం, ఎత్తైన సీటు ఉన్న బండి కొంటే, ఆ 300 కిలోమీటర్ల కోసం మిగతా 8,700 కిలోమీటర్లు ఇబ్బంది పడతారు. మట్టి 5 శాతం లోపే ఉంటే 19 అంగుళాల ముందు చక్రం, అల్లాయ్ రిమ్ములు, ట్యూబ్‌లెస్ టైర్ల వైపు వెళ్లండి. 15 శాతం దాటితేనే 21 అంగుళాలు, స్పోకులు. మధ్యలో ఉంటే వెనక కూర్చునే మనిషిని బట్టి తేల్చుకోండి: ఎక్కువసార్లు ఇద్దరుగా వెళ్తే 19 అంగుళాలే మంచిది.

వెళ్లాలనుకుంటున్న ఊళ్లు ఈ కాగితం మీద రాయకండి. ఒక్కసారి పోయే లడఖ్ కోసం అయిదేళ్లు తిరిగే బండిని ఎంచుకోకూడదు. ఆ యాత్రకు అక్కడే అద్దెకు బండి దొరుకుతుంది.

ఎంత పవరు చాలు

కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగాల ప్రకారం నాలుగు లేన్ల రోడ్డు మీద మోటారు సైకిల్ హద్దు గంటకు 80 కిలోమీటర్లు. కాబట్టి 140 దగ్గర బండి ఎలా ఉందన్న మాటతో మనకు పనిలేదు. అడగవలసినవి రెండే. 80 దగ్గర గంటన్నర తోలితే అరచేతులు, అరికాళ్లు తిమ్మిరెక్కుతాయా? ఆ వేగం దగ్గర లారీని దాటడానికి ఇంకా కొంత బలం మిగిలి ఉందా?

ఒక్కరే, పది కేజీల సామానుతో వెళ్తే 25 పీఎస్ (ఇంజన్ పవరు కొలత) దగ్గరి బండి ఈ పని నిక్షేపంగా చేస్తుంది. ఇద్దరు మనుషులు, రెండు బ్యాగులు, పైగా మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ ఎక్కాలంటే అదే బండికి మాటిమాటికీ గేరు దించాల్సి వస్తుంది. అప్పుడు 40 పీఎస్ బండి సుఖం. పీఎస్ కన్నా ఎన్ఎం అంకె (ఇంజన్ లాగే బలం), అది ఎన్ని ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తుందన్నది ముఖ్యం. తక్కువ ఆర్‌పీఎం దగ్గర లాగే ఇంజన్ అయితే ఇద్దరున్నా ఘాట్ మలుపులో క్లచ్ కాల్చాల్సిన పని ఉండదు.

350 సీసీ గీతను మాత్రం జాగ్రత్తగా చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బైకుల మీద జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. పన్నుకు ముందు ధర 2 లక్షలున్న బండి మొదటి లెక్కలో 2,36,000, రెండో లెక్కలో 2,80,000. తేడా 44,000. లైఫ్ ట్యాక్స్ కూడా బండి ధరను పట్టుకునే పోతుంది కాబట్టి అక్కడా బరువు పడుతుంది. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ వరకు 7,365 రూపాయలు, 350 దాటితే 15,117 రూపాయలు, జీఎస్టీ అదనం. కంపెనీలు కొన్ని పన్ను పెరుగుదలను తామే కొంత భరిస్తూ ఉంటాయి. అందుకని ఎక్స్ షోరూం ధర నోటిమాటగా కాక, ఆన్‌రోడ్ కొటేషన్ కాగితం మీద తీసుకోండి. అందులో లైఫ్ ట్యాక్స్, బీమా, హ్యాండ్లింగ్ ఛార్జీలు, యాక్సెసరీలు విడివిడిగా ఉండాలి. బీమా బయట కొనుక్కునే హక్కు మీకుంది. ఆ ఒక్క వరుసలోనే వేలల్లో తేడా వస్తుంది.

ఎత్తు, బరువు: టేపు పట్టుకుని కొలవండి

బూట్లు వేసుకుని గోడకు ఆనుకుని నిలబడండి. గట్టి అట్ట పుస్తకాన్ని తొడల మధ్య పైదాకా నొక్కి పెట్టి, దాని పై అంచు నుంచి నేలకు ఎంతుందో ఇంకొకరి చేత కొలిపించండి. ఆ కొలత 800 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. బ్రోషర్‌లో సీటు ఎత్తు 830 అని ఉంటే భయపడనక్కర్లేదు. మనిషి కూర్చోగానే సస్పెన్షన్ పాతిక ముప్పై మిల్లీమీటర్లు కుంగుతుంది. కానీ సీటు వెడల్పుగా ఉంటే కాళ్లు పక్కకు జరిగి, ఆ కుంగిన మేలు పోతుంది. అందుకే అంకె ఒకటే అయినా ఒక బండి మీద కాలు అందుతుంది, ఇంకోదాని మీద అందదు. రెండు మడమలూ నేలకు ఆనాల్సిన పని లేదు. ఒక పాదం ముందు సగం గట్టిగా ఆనితే చాలు, అదీ ఎడమ పాదం.

ఎత్తు తగ్గించుకోవాలంటే ముందు కంపెనీ ఇచ్చే తక్కువ ఎత్తు సీటు చూడండి, తర్వాత సీటు ఫోమ్ కోయించడం. ఆటోనగర్‌లో సీటు కట్టేవాళ్లు 15 నుంచి 20 మిల్లీమీటర్లు నున్నగా తీస్తారు. అంతకన్నా తీస్తే రెండు గంటల్లో నడుం పట్టేస్తుంది. వెనక షాకబ్జర్ లింకు మార్చి బండిని దించే పద్ధతి వద్దు. వెనక ఒక్కవైపే దిగితే హ్యాండిల్ తిరిగే కోణం మారి బండి బద్ధకంగా తిరుగుతుంది. సైడ్ స్టాండ్ మీద దాదాపు నిటారుగా నిలబడి, చిన్న గాలికి పడిపోతుంది.

బరువుకు షోరూంలోనే ఒక పరీక్ష ఉంది. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో, బండి మీద కూర్చోకుండా పక్కన నిలబడి షోరూం ర్యాంపు మీదకు వెనక్కి నెట్టండి. ఒక్కరే చేయాలి. చేయలేకపోతే మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండ దారిలో రాళ్ల మధ్య తిప్పుకోలేరు. బురదలో బండి పడడం మామూలు. దాన్ని ఎన్నిసార్లు లేపగలరన్నదే మీ ప్రయాణాన్ని నిర్ణయిస్తుంది. 165 కేజీల బండిని అలసిన మనిషి మూడోసారి కూడా లేపుతాడు. 200 కేజీల బండికి రెండోసారికే సాయం వెతుక్కుంటాడు. లేపే పద్ధతి తెలిస్తే సగం బరువు తగ్గినట్టే. బండి కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తీసి, ఫస్ట్ గేరులో పెట్టండి. హ్యాండిల్‌ను నేలవైపు పూర్తిగా తిప్పి, సీటుకు నడుం ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్ చివర, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రెయిల్ పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి. వంగి చేతులతో లాగితే నడుం పోతుంది.

సామాను బరువు కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఓనర్ మాన్యువల్‌లో గరిష్ఠ మొత్తం బరువు ఉంటుంది. అందులోంచి బండి బరువు తీసేస్తే మిగిలేది మీకు, వెనక మనిషికి, బ్యాగులకు, బిగించే ప్రతి ఇనుప ముక్కకూ కలిపి. 75 కేజీల మనిషి, 60 కేజీల తోడు, 10 కేజీల గార్డులు, రాక్, 20 కేజీల సామాను అంటే 165. చిన్న బండ్ల మీద ఇది హద్దు దగ్గరకు వచ్చేస్తుంది. హద్దు దాటితే వెనక సస్పెన్షన్ గుంతల్లో పూర్తిగా కుంగి తగులుతుంది, రిమ్ము వంగుతుంది, రాక్ వెల్డింగ్ తెగుతుంది.

మన నేలలు, మన చక్రాలు

గుంటూరు, పల్నాడు డొంకదారుల్లో ఉన్నది నల్లరేగడి. ఎండితే రాయి, తడిస్తే జిగురు. వాన పడిన గంటకు ఆ మట్టి టైరుకు అంటుకుని, రెండు చుట్లు తిరిగేసరికి గాడులన్నీ పూడి టైరు నున్నటి గుండులా అవుతుంది. ముందు చక్రానికి ఆనుకుని ఉండే మడ్‌గార్డులో మట్టి కూరుకుపోయి చక్రం తిరగకుండా ఆగిపోతుంది కూడా. కొనేముందు టైరుకు, మడ్‌గార్డుకు మధ్య రెండు వేళ్లు దూరతాయా చూడండి. దూరకపోతే ఆ బండిని తడి రేగడిలోకి దించకూడదు. రేగడిలో ఎంత ఖరీదైన టైరైనా ఓడిపోతుంది కాబట్టి, దానికోసం బండి ఎంచుకోకండి. అక్కడ దారి మార్చుకోవడమే ఉపాయం.

కృష్ణా డెల్టా కాలవగట్లు, పుంతలు వేరు. వాటి మీద ట్రాక్టర్ చక్రాలు చేసిన రెండు లోతైన గాడులుంటాయి. 21 అంగుళాల సన్న చక్రం ఆ గాడిలో దూరి నిటారుగా సాగుతుంది. 19 అంగుళాలది అంచుల మీదకు ఎక్కడానికి చూస్తుంది. కోతల రోజుల్లో ఊరి రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు. గింజల మీద ఏ టైరూ నిలవదు, ముందు బ్రేకు పట్టారా పడ్డట్టే. సూర్యలంక పొడి ఇసుకలో బరువు, టైరు గాలి రెండే ముఖ్యం. 160 కేజీల బండి గాలి తగ్గించి తోలితే దాటుతుంది. 200 కేజీలది ఇరుసుదాకా దిగుతుంది.

గుడిస లాంటి నిటారు రాళ్ల దారిలో, అల్లూరి జిల్లా గూడేల దారుల్లో 21 అంగుళాల చక్రం విలువ తెలుస్తుంది. పెద్ద చక్రం రాయిని గుద్దుకోకుండా దాని మీదుగా దొర్లుతుంది. అదే శ్రీశైలం, అరకు తారు ఘాట్లలో 19 అంగుళాలది మలుపుల్లో చురుగ్గా వాలుతుంది, టైరు కూడా కాస్త వెడల్పు.

స్పోకు రిమ్ము దెబ్బకు వంగినా మళ్లీ సరిచేయించుకోవచ్చు. అల్లాయ్ అంచు గుంతలో నొక్కుకుపోతే గాలి కారుతుంది, పగిలితే మార్చడమే. కానీ మామూలు స్పోకు రిమ్ములో ట్యూబ్ ఉంటుంది. ట్యూబ్ పంక్చర్ అంటే చక్రం ఊడదీయాలి, సరైన సైజు ట్యూబ్ వెంట ఉండాలి. ట్యూబ్‌లెస్ అయితే పుల్ల గుచ్చి పది నిమిషాల్లో లేస్తారు. స్పోకులు ఉండి ట్యూబ్‌లెస్ కూడా అయిన రిమ్ములు ఇప్పుడు కొన్ని బండ్లకు కంపెనీయే ఇస్తోంది. డబ్బు సరిపోతే అది మొదట తీసుకోవాల్సిన ఆప్షన్, రంగు, స్టిక్కర్ల కన్నా ముందు. ట్యూబ్ బండే కొంటే 21 అంగుళాల ముందు ట్యూబ్ ఒకటి ఎప్పుడూ సీటు కిందో బ్యాగులోనో ఉండాలి. పల్లె పంక్చర్ షాపులో 17, 18 దొరుకుతాయి, 21 దొరకదు.

ఎండ, పెట్రోలు

మే నెలలో బెజవాడ 45 డిగ్రీలకు పోతుంది. లిక్విడ్ కూల్డ్ ఇంజన్ తన వేడి తాను చూసుకుంటుంది, కానీ రేడియేటర్ ఫ్యాన్ ఆ వేడి గాలిని ఎటు తోస్తుందో చూడాలి. కొన్ని బండ్లలో అది తిన్నగా కుడి మోకాలికి, పిక్కకు తగులుతుంది. దీన్ని మధ్యాహ్నం ట్రాఫిక్‌లో తోలితే తప్ప కనుక్కోలేం. చిన్న ఆయిల్ కూల్డ్ ఇంజన్లు ఈ విషయంలో దయగా ఉంటాయి.

పెట్రోలు లెక్క తేలికే. ట్యాంకులో రెండు లీటర్లు పక్కన పెట్టి, మిగిలినదాన్ని మీ నిజమైన మైలేజీతో గుణించండి. 17 లీటర్ల బండి లీటరుకు 25 ఇచ్చినా 375 కిలోమీటర్లు. 12 లీటర్లది 32 ఇస్తే 320. మన దారుల్లో రెండూ చాలు. రంపచోడవరంలో, మార్కాపురంలోనో దోర్నాలలోనో నింపుకోవడం అలవాటు చేసుకోండి. దోర్నాల నుంచి శ్రీశైలం అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు, ఆ వేళలు కూడా గుర్తుంచుకుని బయల్దేరండి.

ఏ బండి ఎవరికి

సుజుకి వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్: 249 సీసీ, 26.5 పీఎస్, 167 కేజీలు, 12 లీటర్లు, సీటు 835 మి.మీ., ముందు 19 అంగుళాల అల్లాయ్. పైన చెప్పిన ఉదాహరణ లెక్క వచ్చినవాళ్లకు ఇదే మా మొదటి మాట. ఆయిల్ కూల్డ్, నున్నటి ఇంజన్, పన్ను తక్కువ గీతలో ఉంది, ముందు గాలిని ఆపే అద్దం పనికొస్తుంది. ఇద్దరితో ఘాట్లలో కాస్త ఓపిక కావాలి. పెద్ద రాళ్ల దారి దీని పని కాదు.

హీరో ఎక్స్‌పల్స్ 210: 24.6 పీఎస్, 168 కేజీలు, 13 లీటర్లు, సీటు 830, చక్రాలు ముందు 21, వెనక 18 అంగుళాలు. మట్టి నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకన్నా తగిన బండి ఈ ధరలో లేదు. ముందు వచ్చిన ఎక్స్‌పల్స్ 200 అయిదు గేర్లది, హైవే మీద గట్టిగా అరుస్తుంది. 210లో ఆరో గేరు ఆ బాధ చాలావరకు తీర్చింది. సన్న సీటు మట్టిలో వరం, 200 కిలోమీటర్ల హైవే మీద శిక్ష.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450: 452 సీసీ, 40 పీఎస్, 40 ఎన్ఎం, 196 కేజీలు, 17 లీటర్లు, సీటు 825 లేదా 845, చక్రాలు ముందు 21, వెనక 17. హైవే, ఘాట్, మట్టి మూడూ చేసే బండి. ఇద్దరు, సామాను, వారం రోజుల యాత్ర అంటే ఇదే ముందు చూడాలి. బరువు మాత్రం నిజమైన అడ్డంకి. ర్యాంపు పరీక్ష దీని మీద తప్పక చేయండి.

కేటీఎం 390 అడ్వెంచర్: 2025లో వచ్చిన కొత్తది 399 సీసీ, 46 పీఎస్, 39 ఎన్ఎం, 183 కేజీలు, 14.5 లీటర్లు, సీటు 830. చురుకైన ఇంజన్, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ. ఆర్‌పీఎం పైన ఉంచి తోలడం ఇష్టమున్నవాళ్లది. ముందు 19 అంగుళాల అల్లాయ్ చక్రంతో అడ్వెంచర్ ఎక్స్ విడిగా ఉంది, హైవే ఎక్కువ తిరిగేవాళ్లు దాన్ని చూడండి.

యెజ్డి అడ్వెంచర్ 334 సీసీ, 29.6 పీఎస్, సీటు 815. పొట్టివాళ్లకు, 350 గీత కిందే ఉండాలనుకునేవాళ్లకు జాబితాలో ఉండదగ్గది. హోండా ఎన్ఎక్స్500 రెండు సిలిండర్ల 471 సీసీ బండి, 47.5 పీఎస్, 196 కేజీలు, 17.5 లీటర్లు. హైవే మీద దీని నున్నదనం ముందు పైవేవీ నిలవవు, కానీ ధర పెట్టేముందు మట్టి గడిలో మీ అంకె మళ్లీ చూసుకోండి. 200 కేజీలు దాటిన పెద్ద అడ్వెంచర్లు మన ప్రాంతపు దారులకు ఎక్కువే. రాష్ట్రాలు దాటి నెలకోసారి వెళ్లేవాళ్లకు తప్ప వాటిని సూచించం.

సేల్స్ కౌంటర్ కాదు, స్పేర్స్ కౌంటర్

రెండు బండ్ల దాకా వడపోశాక ఆ సర్వీస్ సెంటర్ స్పేర్స్ కౌంటర్‌కు వెళ్లి ఇవి అడగండి: క్లచ్ కేబుల్, క్లచ్ లీవర్, ముందు బ్రేక్ ప్యాడ్లు, ఎయిర్ ఫిల్టర్, క్లచ్ ప్లేట్ల సెట్టు, ఫోర్క్ ఆయిల్ సీళ్లు, రేడియేటర్. ఒక్కోదాని ధర, ఇప్పుడు స్టాకుందా, లేకపోతే ఎన్ని రోజులు. మొదటి నాలుగు అప్పటికప్పుడు దొరకాలి. మిగతా మూడు వారంలో రావాలి. నెల అన్నారంటే బండి ఎంత బాగున్నా ఆ నెల మీరు ఇంట్లోనే. ఆ కంపెనీకి రాజమహేంద్రవరం, ఒంగోలు, ఖమ్మంలో సర్వీస్ ఉందా కూడా చూడండి, దారిలో ఆగిపోతే చేరాల్సింది అక్కడికే. వాల్వ్ క్లియరెన్స్ (ఇంజన్ వాల్వుల దగ్గరి సందు) ఎన్ని కిలోమీటర్లకు చూడాలి, దానికి కూలీ ఎంత అన్నది అడగడం మరవకండి. ట్యాంకు, రేడియేటర్ దించాల్సిన బండికి కూలీ బాగా ఎక్కువ.

టెస్ట్ రైడ్

షోరూం చుట్టూ పది నిమిషాలు తిప్పితే ఏమీ తెలియదు. ముందురోజే మాట్లాడుకుని, కనీసం ముప్పావు గంట అడగండి. విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు. గుంటూరులో ఎన్‌హెచ్ 16 మీద యడ్లపాడు దాకా వెళ్లి కొండవీడు ఘాట్ ఎక్కడం. ట్రాఫిక్, హైవే, ఎత్తు మూడూ కలుస్తాయి. మీ హెల్మెట్, మీ బూట్లతోనే వెళ్లండి. రెండోసారి వెనక కూర్చునే మనిషిని ఎక్కించుకోండి, ఫుట్‌రెస్ట్ ఎత్తు వాళ్లకు నచ్చాలి.

వరసగా చూడాల్సినవి: 80 దగ్గర పదిహేను నిమిషాలు ఆగకుండా. అద్దాల్లో బొమ్మ వణుకుతుందా? గాలి ఛాతీకి తగులుతుందా, హెల్మెట్ అంచుకు తగిలి డబడబలాడుతుందా? తర్వాత సర్వీస్ రోడ్డు మీద నిలబడి తోలండి. నడుం వంచకుండా హ్యాండిల్ అందకపోతే హ్యాండిల్‌ను 20 నుంచి 30 మి.మీ. పైకెత్తే రైజర్లు పడతాయి, కేబుళ్లు అంత సాగుతాయా చూసుకోవాలి. కాలు కింద పెట్టకుండా యూటర్న్ రెండువైపులా. ఖాళీ చోట వెనక ఏబీఎస్ (బ్రేకు పట్టినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఆపి బ్రేకు కొట్టి చూడండి. తాళం తీసి మళ్లీ వేసినప్పుడు ఆ సెట్టింగ్ అలాగే ఉందా, మొదటికొచ్చిందా? మొదటికొచ్చే బండి మీద మట్టి దిగుడులో ఇంజన్ ఆగితే, మళ్లీ స్టార్ట్ చేశాక ఆ సెట్టింగ్ మార్చడం మరిచిపోతారు.

సెకండ్ హ్యాండ్ అయితే

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నీళ్లలో మునిగిన బండ్లు కడిగి, పాలిష్ పట్టి ఇప్పటికీ చేతులు మారుతూ ఉంటాయి. అందుకే అంతకుముందు రిజిస్టరైన ప్రతి బండిలో ఇవి చూడండి. సీటు తీసి ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్), ఫ్యూజు బాక్సు కనెక్టర్లలో ఆకుపచ్చ లేదా తెల్ల పొడి, సన్నటి ఒండ్రు ఉందా? ఎయిర్ ఫిల్టర్ బాక్సు అడుగున నీటి గీత ఉందా? మీటరు, హెడ్‌లైటు లోపల ఆవిరి మచ్చ? ఇంజన్ ఆయిల్ కాఫీ పాల రంగులో ఉందా? చక్రాలు ఎత్తి తిప్పితే బేరింగులు గరగరమంటాయా? బీమా కాగితంలో నో క్లెయిమ్ బోనస్ ఎంతుందో చూడండి. నాలుగేళ్ల బండికి సున్నా ఉంటే దగ్గర్లోనే క్లెయిమ్ చేశారేమో అడగాలి.

మట్టిలో తిరిగిన బండికి వేరే గుర్తులు. ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయాయి. స్పోకులను స్పానర్‌తో ఒక్కొక్కటే తట్టండి, అన్నీ ఒకే శ్రుతిలో మోగాలి, చప్పిడి శబ్దం వచ్చింది వదులు. అల్లాయ్ అంచు చుట్టూ వేలుతో తడిమి నొక్కులు చూడండి. స్ప్రాకెట్ పళ్లు కొక్కెంలా వంగితే చైన్ కిట్ మొత్తం మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. బాష్ ప్లేట్ (ఇంజన్ అడుగున రక్షణ రేకు) మీద గీతలు తప్పు కాదు, దాని వెనక ఇంజన్ కేసింగ్ మీద గీతలుంటే వద్దు.

2019 ఏప్రిల్‌కు ముందు బండైతే ఏబీఎస్ ఉందో లేదో చూసుకోండి. 2023 ఏప్రిల్‌కు ముందుదైతే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన) పెట్రోలుకు సరిపోతుందా అన్నది మాన్యువల్‌లో, ట్యాంకు మూత దగ్గర చూడండి. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు ముందుగా దెబ్బతింటాయి.

హైదరాబాద్ బండి చౌకగా కనిపిస్తుంది. టీఎస్ లేదా టీజీ నంబరుతో వచ్చేదానికి అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం కలిపి ధర సరిచూడండి. బదిలీకి ఫారం 29, 30. అప్పు మీద కొన్నదైతే ఫైనాన్స్ వాళ్లు సంతకం చేసిన ఫారం 35 చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వండి. పెండింగ్ చలాన్లు ఫోన్‌లోనే కనిపిస్తాయి, అవి అమ్మేవాళ్లే కట్టాలి.

మిగిల్చుకోవాల్సిన డబ్బు

బండి ధరలో ఆరో వంతు పక్కన పెట్టుకోలేకపోతే, ఒక మెట్టు చిన్న బండి కొనండి. ఆ డబ్బులో మొదటి వాటా ఒంటికి: ఐఎస్ఐ లేదా ఈసీఈ (యూరప్ ప్రమాణం) గుర్తున్న హెల్మెట్, మోకాలి కవచాలు, చీలమండ దాటే బూట్లు, మన ఎండకు మెష్ జాకెట్. రెండో వాటా బండికి: ఇనుప బాష్ ప్లేట్, హ్యాండ్ గార్డులు, ఇంజన్ గార్డు. ఆటోనగర్‌లో గార్డు చేయిస్తే మందం పైపు, బండి ఫ్రేమ్‌కు రెండు చోట్ల కాకుండా మూడు చోట్ల బిగింపు ఉండాలి. రెండు చోట్లే బిగిస్తే పడ్డప్పుడు గార్డు బదులు ఫ్రేమ్ వంగుతుంది. సామానుకు మెత్తటి బ్యాగులే మేలు. అల్యూమినియం పెట్టెలు జత పది కేజీల దాకా తూగుతాయి, పడినప్పుడు కాలు వాటి కింద ఇరుక్కుంటుంది. వెనక పైపెట్టెలో బరువు పెడితే ముందు చక్రం తేలికై మట్టిలో హ్యాండిల్ మాట వినదు. నీళ్లు, పనిముట్లు లాంటి బరువైనవి కిందకూ, ముందుకూ.

ఎగ్జాస్ట్, అదనపు లైట్లు, కొత్త టైర్లు అన్నీ ఆపండి. మొదటి సర్వీసు అయ్యేదాకా ఆర్‌పీఎం ఒకేచోట ఉంచకుండా మార్చి మార్చి తోలండి. సర్వీసులో స్పోకులు బిగించారా, స్టీరింగ్ బేరింగ్ చూశారా, చైన్ వదులు మాన్యువల్‌లో ఉన్న కొలతకు పెట్టారా అని జాబ్ కార్డు మీద రాయించుకోండి. కొత్త స్పోకులు మొదటి వెయ్యి కిలోమీటర్లలోనే సర్దుకుని వదులవుతాయి. అవి బిగించాకే మట్టిలోకి దించాలి.